పొలుసులు లేనిది కూడా పొలుసు పురుగే ఎలా అయింది? సముద్రపు పొలుసు పురుగుల కథ

ఈ ఎపిసోడ్‌లో మనం సముద్రంలో ఉండే ఒక పురుగుల కుటుంబం గురించి మాట్లాడుకుందాం. ఇంగ్లీషులో స్కేల్ వర్మ్స్ అంటారు. తెలుగులో పొలుసు పురుగులు అనుకుందాం. చేప పొలుసు అంటాం చూడండి, అదే పొలుసు.

ముందు స్క్రీన్ మీద ఈ ఫొటో చూడండి. ఇది మీలో చాలామందికి ఎప్పుడో ఒకసారి ఫోన్‌కి వచ్చే ఉంటుంది. బంగారు రంగు వెంట్రుకలు, ముందు ఒక మొద్దు తల, ఆ తలకి కోరలు, కళ్ళు మాత్రం ఎక్కడా లేవు. కింద "అంటార్కిటికా రాక్షసి" అనో, "వేరే గ్రహం జీవి" అనో రాసి ఉంటుంది. ఫొటో నిజమైనదే. దాని పేరు యూలాజిస్కా జైగాంటియా. అంటార్కిటికా చుట్టూ ఉండే సముద్రంలో బతుకుతుంది, సుమారు 20 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది. 1939లోనే దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు. అంటే కొత్త జీవీ కాదు, వేరే గ్రహం నుంచీ రాలేదు.

అసలు విషయం ఏంటంటే, ఆ ఫొటోలో మనం తల అనుకుంటున్నది తల కాదండీ. అది గొంతు. చొక్కా చెయ్యి లోపలివైపు బయటికి తిరగేస్తాం చూడండి, అలా ఈ పురుగు తన గొంతుని లోపలి నుంచి బయటికి తిరగేసి ఎరని పట్టుకుంటుంది. ఆ కోరలు గొంతు చివర ఉండే దవడలు. మామూలుగా అవి లోపలే దాక్కుని ఉంటాయి. అసలు తల ఆ గొంతు మొదట్లో చిన్నగా ఎక్కడో ఉంటుంది. ఫొటో చూసిన మనం తప్పు చోట చూసి భయపడుతున్నాం అన్నమాట.

ఈ ఎపిసోడ్ మొత్తంలో నేను చెప్పబోయేది కూడా దాదాపు ఇదే. కొట్టొచ్చినట్టు కనపడేదాన్ని పట్టుకుని ఒక జీవి ఎవరో తేల్చేస్తే పొరపాటు పడతాం. ఈ పురుగులకి మనం పొలుసుల్ని చూసి పేరు పెట్టాం. కానీ ఆ పొలుసే అన్నిటికన్నా ముందు ఊడిపోతుంది. కొన్నిటికైతే అసలు ఉండనే ఉండదు. మరి వాటిని ఎలా గుర్తుపట్టాలి? గుర్తుపడితే ఎవరికి లాభం? అక్కడిదాకా మెల్లగా వెళ్దాం.

ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళకి అనెలిడా అనే వర్గం గుర్తుండే ఉంటుంది. వానపాము, జలగ అందులోవే. శరీరమంతా ఉంగరాలు పేర్చినట్టు ఖండాలు ఖండాలుగా ఉంటుంది. అదే వర్గంలో పాలికీటా అని ఇంకో పెద్ద గుంపు ఉంది. నీరిస్ అని చదువుకున్నాం కదా, అది ఈ గుంపుదే. వీటికి ఒక్కో ఖండానికి అటూ ఇటూ కాళ్ళలాంటి తమ్మెలు ఉంటాయి. వాటినే పార్శ్వపాదాలు అంటారు. వాటి నిండా గట్టి వెంట్రుకలు ఉంటాయి, అవి శూకాలు. పొలుసు పురుగులు కూడా పాలికీటాలే. అంటే వానపాముకి దూరపు చుట్టాలు, నీరిస్‌కి దగ్గర చుట్టాలు.

ఈ పొలుసు పురుగులన్నిటినీ కలిపి అఫ్రొడిటిఫార్మియా అంటారు. ఇందులో కొన్ని కుటుంబాలున్నాయి. అన్నిటికన్నా పెద్దది పాలినాయిడీ, అందులోనే దాదాపు 900 జాతులు ఉన్నాయి. తర్వాత అఫ్రొడిటిడీ, అంటే సీ మౌస్ అని పిలిచే సముద్రపు ఎలుకల కుటుంబం. సిగాలియోనిడీ ఉంది, వీటిలో చాలావరకు ఇసుకలో, బురదలో ఉంటాయి. అకోయిటిడీ ఉంది, ఇవి తమ ఒంట్లోంచే దారాలు తీసి గొట్టాలు అల్లుకుని వాటిలో కాపరం ఉంటాయి. యూలెపెథిడీ, ఇఫియోనిడీ అని ఇంకో రెండు చిన్న కుటుంబాలు. పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇదొక పెద్ద ఉమ్మడి కుటుంబం, అందులో తలా ఒక తీరు అని గుర్తుంటే చాలు.

ఇప్పుడు పొలుసు సంగతి చూద్దాం. మన ఊళ్ళల్లో పాత పెంకుటిళ్ళు చూశారు కదా. ఒక పెంకు అంచు మీద ఇంకో పెంకు ఎక్కి, పైనుంచి వాన పడితే లోపలికి రాకుండా జారిపోయేలా పేరుస్తారు. పొలుసు పురుగు వీపు అచ్చం అలాగే ఉంటుంది. నేను పోలిక కోసం చెప్పట్లేదండీ. ఉత్తర సముద్రాల్లో చాలా మామూలుగా దొరికే ఒక జాతి పేరు హార్మోథో ఇంబ్రికేటా. ఇంబ్రికేటా అంటే లాటిన్‌లో పెంకులు పేర్చినట్టున్నది అని అర్థం. పేరు పెట్టినాయనకి కూడా పైకప్పే గుర్తొచ్చింది.

ఈ పొలుసుని శాస్త్రంలో ఎలిట్రాన్ అంటారు, ఎక్కువైతే ఎలిట్రా. పేడపురుగు లాంటి వాటికి రెక్కల మీద గట్టి డొప్పలు ఉంటాయి చూడండి, వాటికీ అదే పేరు. రెండూ ఒకటే అని కాదు, తొడుగు అనే అర్థంలో వాడారంతే. చేప పొలుసుకీ దీనికీ కూడా సంబంధం లేదు. ఇది పల్చటి గుండ్రటి పలక. కింద ఒక చిన్న మొలక లాంటి దాని మీద కూర్చుని ఉంటుంది. పుట్టగొడుగుకి కాడ ఉంటుంది కదా, అలా అనుకోండి. ఆ మొలకని ఎలిట్రోఫోర్ అంటారు. మనం ఇక్కడ దాన్ని పొలుసు పీట అనుకుందాం. ఈ పీటని గుర్తుపెట్టుకోండి, చివర్లో మనకి చాలా పని ఉంది దీంతో.

ఇక్కడో ముచ్చటైన విషయం ఉంది. ప్రతి ఖండం మీదా పొలుసు ఉండదు. పాలినాయిడీలో సాధారణంగా 2వ ఖండం మీద ఉంటుంది, తర్వాత 4, 5, ఆ తర్వాత 7, 9, 11 అలా ఒకటి వదిలి ఒకటి 23 దాకా పోతుంది. పొలుసు లేని ఖండాల మీద దాని బదులు మీసం లాంటి ఒక పోగు ఉంటుంది. దాంతో పురుగు చుట్టుపక్కల తడిమి చూసుకుంటుంది. ఒక ఖండానికి కవచం, పక్క ఖండానికి స్పర్శ. కవచం వేసుకుంటే బయట ఏం జరుగుతోందో తెలియదు, తెలుసుకోవాలంటే కవచం తియ్యాలి. ఆ ఇబ్బందికి ఈ పురుగు వంతులవారీ పద్ధతి పెట్టుకుంది.

23 దాకా లెక్కేస్తే ఎన్ని జతలు వస్తాయి? 12. సరిగ్గా 12 జతలతో ఆగిపోయేవి లెపిడోనోటస్ అనే ప్రజాతి. అక్కడితో ఆగకుండా 26, 29, 32 ఖండాల మీద ఇంకో మూడు జతలు వేసుకుంటే 15 అవుతాయి. అది హార్మోథో. 18 జతలు ఉంటే హాలోసిడ్నా అయ్యే అవకాశం ఉంది. అంటే పురుగుని చేతిలోకి తీసుకుని పొలుసులు లెక్కపెడితేనే సగం గుర్తింపు అయిపోతుంది. వినడానికి చాలా సులువుగా ఉంది కదా? చిక్కు ముందుంది.

దానికంటే ముందు, ఈ పొలుసులు ఏం పని చేస్తాయో చూద్దాం. కవచం అని ఎలాగూ అనుకున్నాం. అలుగు అనే జంతువు గురించి వినే ఉంటారు, ఒళ్ళంతా పొలుసులు, ముట్టుకుంటే ఉండలా చుట్టుకుపోతుంది. లెపిడోనోటస్ కూడా కాస్త అలాంటిదే. పొలుసులు దళసరిగా, గరుగ్గా ఉంటాయి, కెలికితే ముడుచుకుంటుంది. పొలుసుల్ని మాత్రం అంత తేలిగ్గా వదలదు.

రెండో పని గాలి ఆడటం. గాలి అంటే ఇక్కడ నీరు. పొలుసులకీ వీపుకీ మధ్య ఖాళీ ఉంటుంది. సముద్రపు ఎలుక బురదలో కూరుకుపోయి ఉన్నా, పొలుసుల్ని లేపుతూ దించుతూ ఆ ఖాళీలోంచి నీటిని నడిపిస్తుంది. ఆ నీట్లోంచే దానికి ఆక్సిజన్ అందుతుంది. పెంకుటింట్లో అటక మీద గాలి ఆడినట్టే.

మూడోది పిల్లల గది. ఇందాక చెప్పిన హార్మోథో ఇంబ్రికేటాలో ఆడది ఫలదీకరణ అయిన గుడ్లని తన పొలుసుల కింద మోస్తుంది. లోపల లార్వాలు తయారయ్యాక అవి బయటికి ఈదుకుంటూ పోతాయి. సముద్రంలో చాలా జీవులు గుడ్లని నీట్లోకి వదిలేసి ఇక దేవుడే దిక్కు అంటాయి. ఇది మాత్రం కొన్నాళ్ళు తన ఇంటి చూరు కింద పెట్టుకుంటుంది.

నాలుగోది వింటే మీరు నిజంగా ఆశ్చర్యపోతారు. పాలినాయిడీలో చాలా జాతుల పొలుసులు వెలుగుతాయి. మిణుగురు పురుగులా, కాకపోతే ఆకుపచ్చగా. ఆ వెలుగు వెనక పాలినాయిడిన్ అనే ఒక ప్రోటీన్ ఉంది. ఊరికే వెలగవు, ఎవరైనా కెలికితేనే వెలుగుతాయి. ఒక పీత వచ్చి తోకవైపు పట్టుకుందనుకోండి. వెనకవైపు పొలుసులు టపటపా మెరుస్తాయి, కొన్ని ఊడిపోతాయి. ఊడిన తర్వాత కూడా కాసేపు మెరుస్తూనే ఉంటాయి. పీత ఆ మెరుపుల మీద పడుతుంది. ముందు సగం మాత్రం దీపం ఆర్పేసుకుని చీకట్లో మెల్లగా జారుకుంటుంది. బల్లి తోక వదిలేసి పోవడం మనందరం చూసిందే. ఇక్కడ తోకకి లైటు కూడా ఉంది, అంతే తేడా. పైగా ఆ వెలుగుతున్న పొలుసు పీత ఒంటికి అంటుకుంటే, పీతే వేరేవాళ్ళకి కనపడుతుంది. ఊడిన పొలుసుల చోట మళ్ళీ కొత్తవి మొలుస్తాయి.

ఇంత కవచం ఉన్నా చాలా పొలుసు పురుగులు ఒంటరిగా బతకవు. వేరే జీవి ఒంటి మీద అద్దెకుంటాయి. ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో ఆర్క్టోనో విట్టాటా అనే ఒక పురుగు ఉంది. అక్కడ రాళ్ళకి అతుక్కుని ఉండే ఒక నత్త జాతి ఉంది, గుల్ల చూడటానికి టోపీలా ఉంటుంది, పైన ఒక చిల్లు ఉంటుంది. ఈ పురుగు ఆ గుల్ల అంచు కింద కాపరం ఉంటుంది. ఆ నత్తని తినడానికి సముద్ర నక్షత్రం వస్తుంది కదా, దాని నాళికా పాదాలు గుల్ల మీద పడగానే పురుగు బయటికి వచ్చి వాటిని కొరుకుతుంది. సముద్ర నక్షత్రం వెనక్కి తగ్గుతుంది. ఇల్లు కాపాడుకుంటోందా, ఇంటాయన్ని కాపాడుతోందా అంటే రెండూ ఒకటే కదండీ, ఇంటాయన పోతే ఇల్లూ పోతుంది.

ఈ పురుగు తన ఇల్లు ఎక్కడుందో ఎలా కనుక్కుంటుంది? 1950లో డెమరెస్ట్ డావెన్‌పోర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఈ ప్రశ్న మీదే పనిచేశారు. రెండు దారులు ఒకచోట కలిసే గొట్టం పెట్టారు. ఒక దారిలోంచి ఆతిథ్యమిచ్చే జీవి ఉన్న నీళ్ళు, ఇంకో దారిలోంచి మామూలు నీళ్ళు వదిలారు. పురుగులు తమ ఇంటివాళ్ళ నీళ్ళవైపే ఎక్కువగా వెళ్ళాయి. నీట్లో కలిసిన రసాయనాన్ని పసిగడుతున్నాయి అన్నమాట. పరీక్ష ఎంత చిన్నదో చూడండి, సమాధానం ఎంత గట్టిగా వచ్చిందో చూడండి.

మన హిందూ మహాసముద్రం, పసిఫిక్ వెచ్చటి నీళ్ళల్లో గాస్ట్రోలెపిడియా అని ఒకటుంది. అది సముద్ర దోసకాయ ఒంటి మీద ఉంటుంది. జారిపోకుండా పట్టుకోవడానికి కడుపు వైపున కూడా అతుక్కునే తమ్మెలు ఉంటాయి. రంగు కూడా దోసకాయ రంగులో కలిసిపోతుంది. ఇంకా లోతుకి పోతే, సముద్రం అడుగున వేడినీళ్ళు ఎగజిమ్మే చోట్ల మస్సెల్ అనే ఆల్చిప్పలు గుంపులు గుంపులుగా ఉంటాయి. వాటి లోపలే బ్రాంకిపాలినో అనే పొలుసు పురుగు ఉంటుంది. అక్కడ ఆక్సిజన్ తక్కువ. అందుకని దానికి మొప్పలు ఉన్నాయి, ఒంట్లో హీమోగ్లోబిన్ ఉండి ఎర్రగా కనపడుతుంది. ఈ పురుగుకి 1984లో పేరు పెట్టింది మారియన్ పెట్టిబోన్ గారు. అమెరికాలో స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉండి పొలుసు పురుగుల వర్గీకరణ మీద దశాబ్దాల తరబడి పనిచేసిన ఆవిడ. ఇప్పటికీ ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు ఆవిడ రాసింది చదవకుండా ముందుకి పోలేరు.

సరే, ఇప్పుడు వర్గీకరణలోకి వద్దాం. కథ 1758లో మొదలవుతుంది. జీవులన్నిటికీ రెండు మాటల పేరు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్, ఆ ఏడాది వచ్చిన పుస్తకంలో ఒక పొలుసు పురుగుకి అఫ్రొడైటా అక్యులియేటా అని పేరు పెట్టాడు. అదే సముద్రపు ఎలుక. అఫ్రొడైటీ అంటే గ్రీకుల ప్రేమ దేవత. పైనుంచి చూస్తే బురదలో పడ్డ కంబళి ముక్కలా ఉంటుంది. పక్కన శూకాలు మాత్రం వెలుతురు పడితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మిలమిలలాడతాయి. అందులో రంగు పదార్థం ఏమీ లేదు. శూకం గోడలో అతి సన్నటి గొట్టాలు తేనెపట్టులా వరుసగా పేర్చి ఉంటాయి. ఆ అమరిక వల్ల వెలుతురు రంగులుగా విడిపోయి కనపడుతుంది. దీన్ని వివరిస్తూ 2001లో నేచర్ పత్రికలో పరిశోధన వచ్చింది.

మరి ఆ సముద్రపు ఎలుకకి పొలుసులేవి? ఉన్నాయి. కానీ కనపడవు. వీపు మీద శూకాలు దట్టంగా అల్లుకుని కంబళిలా కప్పేస్తాయి, పొలుసులు దాని కింద ఉంటాయి. అంటే పొలుసు పురుగుల్లో మొట్టమొదట పేరు పొందిన దాన్ని పైనుంచి చూస్తే ఒక్క పొలుసు కూడా కనపడదు.

ఇదన్నా నయం, వెతికితే దొరుకుతాయి. పైసియోనే అని ఇంకోటి ఉంది. ఇసుక రేణువుల మధ్య సందుల్లో బతికే సన్నటి పురుగు. దీనికి పొలుసులు లేవు. కప్పేసి లేవు, ఊడిపోయి లేవు, అసలు లేనే లేవు. అందుకని చాలాకాలం దీన్ని పైసియోనిడీ అనే వేరే కుటుంబంగా పెట్టారు. దవడలు చూసినవాళ్ళకి ఎక్కడో అనుమానం ఉండేది. 2005లో డీఎన్‌ఏ పోల్చి చూసిన అధ్యయనాలు వచ్చాయి. ఈ పైసియోనేలు పొలుసు పురుగుల వంశవృక్షం బయట కాదు, మధ్యలో, సిగాలియోనిడీ కొమ్మ దగ్గర వచ్చి కూర్చున్నాయి. అంటే వీటి పూర్వీకులకి పొలుసులు ఉండేవి. ఇసుక సందుల్లో దూరే బతుకులో పోగొట్టుకున్నాయి. ఇంత ఇరుకులో పెంకుటిల్లు మోసుకుని ఎక్కడ తిరుగుతాం చెప్పండి.

మనకో సామెత ఉంది కదా, ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు అని. ఇంటిపేరు మన గుణాన్ని చెప్పదు, మనం ఎవరి సంతానమో చెబుతుంది. ఈ రోజు జీవుల వర్గీకరణ కూడా అలాగే నడుస్తోంది. పైసియోనే పొలుసు పురుగు అయింది దానికి పొలుసులు ఉన్నందుకు కాదు, పొలుసులున్న వంశంలో పుట్టినందుకు. పామర్యా... కాదు, పాల్మైరా అని పలకాలి, ఆ పాల్మైరా అనే ఇంకో పురుగు కథా ఇంతే. బంగారు రంగు శూకాలు ఉంటాయి, పొలుసులు ఉండవు. ఇప్పుడు దాన్ని సముద్రపు ఎలుకల కుటుంబంలోనే ఉంచారు.

దీనికి ఎదురు కథ కూడా ఒకటుంది. మకీరిడియన్లు అని శిలాజాలు ఉన్నాయి. కోట్ల ఏళ్ళ కింద సముద్రాల్లో బతికి అంతరించిపోయిన జీవుల గట్టి పలకలు. పలకలు బోలెడు దొరికాయి, ఒళ్ళు దొరకలేదు. అందుకని నూరేళ్ళకి పైగా ఒకరు నత్తల గుంపు అన్నారు, ఒకరు బార్నకిల్స్ అన్నారు, ఇంకొకరు సముద్ర నక్షత్రాల బంధువులు అన్నారు. 2008లో వింథర్, వాన్ రాయ్, బ్రిగ్స్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు మొరాకోలో దొరికిన ఒక శిలాజాన్ని వివరించారు. సుమారు 48 కోట్ల ఏళ్ళ నాటిది. అందులో పలకలతో పాటు మెత్తటి ఒళ్ళు కూడా అచ్చు పడింది. పార్శ్వపాదాలు ఉన్నాయి, వాటికి శూకాలు ఉన్నాయి. దాంతో అవి అనెలిడా పురుగులే అని తేలిపోయింది. పైనున్న పలకలు ఇన్నాళ్ళూ తేల్చలేని సంగతిని కాళ్ళూ వెంట్రుకలూ తేల్చేశాయి.

ఇప్పుడు ఇందాక అన్న చిక్కు దగ్గరికి వద్దాం. పొలుసులు లెక్కపెడితే సగం గుర్తింపు అయిపోతుంది అన్నాను. కానీ వల వేసి, డ్రెడ్జ్ వేసి, సముద్రం అడుగు నుంచి పైకి తెచ్చేసరికి చాలా పురుగుల పొలుసులు ఊడిపోతాయి. లోతు నీళ్ళవైతే మరీ సున్నితం. సీసాలో పురుగు ఒకచోట, అడుగున పొలుసులు ఒకచోట. అదే సీసాలో నాలుగు పురుగులుంటే ఏ పొలుసు ఎవరిదో తెలియదు.

అప్పుడు ఏం చేస్తారు? ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను చూడండి, పొలుసు పీట. పొలుసు పోయినా పీట పోదు. మైక్రోస్కోపు కింద పీటల్ని లెక్కపెడతారు, ఏ ఖండాల మీద ఉన్నాయో రాసుకుంటారు. తర్వాత తల చూస్తారు. మీసాలు మూడుంటే పక్క మీసాలు తల అంచు నుంచి నేరుగా ముందుకి వచ్చాయా, లేక తల కింద నుంచి వచ్చాయా చూస్తారు. లెపిడోనోటస్ రకానికి ముందుకి వస్తాయి, హార్మోథో రకానికి కింద నుంచి వస్తాయి. లోతు సముద్రపు గుంపుల్లో కొన్నిటికి ఆ పక్క మీసాలే ఉండవు. ఆ తర్వాత శూకాల కొనలు చూస్తారు. ఒకటిగా ఉందా, రెండుగా చీలిందా, అంచున రంపపు పళ్ళున్నాయా. చివరికి చిన్న ముక్క తీసి డీఎన్‌ఏ చదువుతారు. ఒక్కటే ఆధారం కాదు, నాలుగైదు కలిసి ఒకే మాట చెప్పాలి.

ఇంత కష్టం దేనికి, పురుగు పేరు తెలిస్తే ఏమొస్తుంది అని మీలో ఎవరికైనా అనిపిస్తే, అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు సముద్రం అడుగున ఉంది.

2020లో నాలుగు కొత్త జాతుల గురించి ఒక పరిశోధన వచ్చింది. పైనాలియోపాలినో అనే ప్రజాతి, ఆ పేరుకి ఆకలి మీదున్న పొలుసు పురుగు అని భావం. ఒక జాతికి ఎల్విసి అని పేరు పెట్టారు. గులాబీ, బంగారు రంగుల్లో మెరిసే దాని పొలుసుల్ని చూస్తే గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ వేసుకునే తళుకుల డ్రెస్సులు గుర్తొచ్చాయి వాళ్ళకి. ఇంకో జాతి ఆర్ఫనే. మెక్సికో దగ్గర కాలిఫోర్నియా సింధుశాఖలో సుమారు 3,700 మీటర్ల లోతున, రోబో కెమెరా ముందు రెండు పురుగులు ఎగిరెగిరి ఒకదాని పొలుసులు ఒకటి కొరుక్కుంటూ కొట్టుకున్నాయి. పొలుసుల అంచుల్లో ముక్కలు ఎగిరిపోయి ఉండటానికి ఆ కొట్లాటలు కారణం కావచ్చని అప్పుడు అర్థమైంది. సీసాలో ఉన్న పురుగుని ఎన్నేళ్ళు చూసినా ఆ సంగతి తెలిసేది కాదు.

ఇప్పుడు పసిఫిక్‌లో హవాయికీ మెక్సికోకీ మధ్య క్లారియన్ క్లిప్పర్టన్ అనే ప్రాంతం ఉంది. నాలుగైదు కిలోమీటర్ల లోతు. అడుగంతా బంగాళాదుంపల్లా నల్లటి ఖనిజపు గడ్డలు పరుచుకుని ఉంటాయి. వాటిలో మాంగనీసు, నికెల్, కోబాల్ట్, రాగి ఉన్నాయి. బ్యాటరీలకి కావలసిన లోహాలు. అందుకని దేశాలూ కంపెనీలూ అటువైపు చూస్తున్నాయి. అక్కడ తీసిన పొలుసు పురుగుల్ని ఇద్దరు శాస్త్రవేత్తలు, బొనిఫాసియో, మెనో, పీటలతో సహా లెక్కపెట్టి, డీఎన్‌ఏ చదివి 2019లో ప్రచురించారు. ఒక్క ఆ పరిశోధనలోనే 17 కొత్త జాతులు, 4 కొత్త ప్రజాతులు. అప్పటిదాకా సైన్సుకి వాటి పేరు కూడా తెలియదు.

ఇది ఎక్కడో పసిఫిక్ సంగతి, మనకెందుకు అనుకోకండి. మధ్య హిందూ మహాసముద్రంలో అలాంటి గడ్డలే ఉన్న చోట 75,000 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకి భారత ప్రభుత్వం 2002లో అంతర్జాతీయ సముద్రగర్భ ప్రాధికార సంస్థతో ఒప్పందం చేసుకుంది. అన్వేషణ మంచిదా, తవ్వకం అవసరమా అనేది వేరే చర్చ, దానికి రెండు వైపులా మాట్లాడేవాళ్ళున్నారు. కానీ ఏ వైపు ఉన్నా ఒక లెక్క మాత్రం అందరికీ కావాలి. తవ్వక ముందు అక్కడ ఎవరున్నారు? ఆ జాబితా లేకపోతే తవ్విన తర్వాత ఎవరు పోయారో చెప్పలేం. ఇంట్లో ఎంతమంది ఉన్నారో తెలియకుండా, అందరూ క్షేమమేనా అని అడిగితే ఏం జవాబు చెబుతాం?

ఆ జాబితా రాసేది పీటలు లెక్కపెట్టే మనుషులే. మన దగ్గర ఈ పని చేసినవాళ్ళు లేకపోలేదు. పియర్ ఫోవెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1953లో భారతదేశం, చుట్టుపక్కల దేశాల పాలికీటాల మీద పెద్ద పుస్తకం రాశారు. మన విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి పి.ఎన్. గణపతి గారు, వై. రాధాకృష్ణ గారు 1958లో వాల్తేరు తీరపు నీళ్ళల్లో తేలే పాలికీటా లార్వాల మీద అధ్యయనం ప్రచురించారు. ఇది చదువుతున్నవాళ్ళలో బీఎస్సీ, ఎమ్మెస్సీ జువాలజీ పిల్లలు ఉంటే, మీకు నేను చెప్పేది ఒకటే. వర్గీకరణ అంటే పాత సీసాల మీద చీటీలు అతికించే పని అనుకోకండి. ఈ రోజు ఒక సముద్రం అడుగు గురించి తీసుకునే నిర్ణయం ఆ చీటీ సరిగ్గా ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడుతోంది.

మీరెప్పుడైనా రాళ్ళున్న తీరానికి, పోటు తగ్గిన వేళ వెళ్తే, నీటి గుంటల్లో ఒక రాయి మెల్లగా ఎత్తి అడుగున చూడండి. అంగుళమో రెండంగుళాలో ఉండి, చదునుగా, వీపు మీద పెంకులు పేర్చినట్టున్న పురుగు కనపడొచ్చు. చేత్తో పట్టుకోకండి, పొలుసులు ఊడిపోతాయి. ఫొటో తీసుకోండి, పొలుసులు ఎన్ని జతలో లెక్కపెట్టండి, 12 దగ్గర ఆగిందా, 15 దాకా పోయిందా చూడండి. తర్వాత రాయిని ఎలా ఉందో అలాగే పెట్టేయండి, దాని కింద ఉన్నది దాని ఇల్లు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇంకో జీవితో కలుద్దాం. అంతవరకు సెలవు. నమస్కారం.